ఇంట్లో పిల్లి ఉండగా ఇంకో పిల్లిని తెస్తే: కడప వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో పిల్లి తిరగని వీధి లేదు. పాత ఇళ్ల మిద్దెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి నేల మీద కాలు పెట్టకుండానే పిల్లి వీధి చివరిదాకా పోయి వస్తుంది. ఎవరి మెట్ల కిందో పిల్లలు పెడుతుంది, వాటిలో ఒకటి మనింటికి చేరుతుంది. ఇంట్లో అప్పటికే ఒక పిల్లి ఉంటే చిక్కంతా అక్కడ మొదలవుతుంది. కొత్తదాన్ని తెచ్చిన రోజే పడసాలలో వదిలేసి, అవే కలిసిపోతాయిలే అనుకునేవాళ్లు ఎక్కువ. ఆ రాత్రికే కొత్తది బీరువా కిందికి దూరుతుంది, పాతది తిండి మానేస్తుంది. వారం తిరగకముందే "ఈ రెండూ పడవు" అని తీర్మానం చేసి కొత్తదాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తారు. చాలా ఇళ్లలో ఆ రెండూ పడి ఉండేవే. వాటికి కావాల్సిన టైమ్ ఇవ్వలేదు, అంతే.

ఒక్క పిల్లే ఉంటే దానికి బెంగగా ఉంటుందని రెండోదాన్ని తేవాలనుకుంటున్నాం. మంచిదేనా?

బెంగ అనేది ఎక్కువగా మనకు అనిపించేది. పెంపుడు పిల్లికి మూలం ఆఫ్రికా అడవి పిల్లి. అది ఒంటరిగా వేటాడి ఒంటరిగా తింటుంది, తన హద్దులోకి ఇంకో పిల్లిని రానివ్వదు. తిండి పుష్కలంగా దొరికేచోట తల్లీ, కూతుళ్లూ, అక్కచెల్లెళ్లూ కలిసి బతకడం, ఒకదాని పిల్లలకు ఇంకోటి పాలివ్వడం కూడా ఉంది. కాబట్టి కలిసి బతకడం పిల్లికి చేతనవును. కానీ కుక్కకు ఉన్నట్టు తోడు తప్పనిసరి కాదు.

మీ పిల్లికి పదేళ్లు దాటి ఉంటే, కిడ్నీ జబ్బులాంటిది ఏదైనా ఉంటే, కిటికీలోంచి వీధిపిల్లి కనబడినా ఊగిపోయే రకమైతే, రెండోది వద్దనే చెబుతాను. వయసులో చిన్నది, చురుకైనది, పగలంతా మీరు ఇంట్లో లేక తలుపులు గీరుతూ ఉండేది అయితే తోడు బాగా పనికొస్తుంది. ఇంకా ఒక్క పిల్లినీ తెచ్చుకోని వాళ్లయితే ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని ఒకేసారి తెచ్చుకోండి. కింద చెప్పిన కష్టాల్లో సగం మీకు రావు.

ఆడదాన్ని తేవాలా, మగదాన్నా? పెద్దదా, పిల్లా?

ఆడా మగా అన్నదానికంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందా లేదా అన్నది ముఖ్యం. ఆపరేషన్ కాని గండుపిల్లులు రెండు ఒక ఇంట్లో ఇమడవు. అవి మూలమూలనా ఉచ్చ చిమ్ముతాయి, రాత్రిళ్లు అరుస్తాయి, ఒంటినిండా గాయాలతో తిరుగుతాయి. ఆడపిల్లి నాలుగు నుంచి ఆరు నెలల వయసుకే ఎదకు రావచ్చు. కట్టిన తర్వాత 63 నుంచి 65 రోజుల్లో పిల్లల్ని పెడుతుంది. "ఇంకా చిన్నదే కదా" అని వదిలేస్తే రెండు పిల్లులు ఆరవుతాయి. తోబుట్టువులైనా కడతాయి, తల్లీకొడుకులైనా కడతాయి, పిల్లికి ఆ పట్టింపు లేదు.

ఆపరేషన్ చేయించిన మర్నాటికే గండుపిల్లి మారిపోదు. ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ వారాల్లో ఆడపిల్లిని కట్టించగల శక్తి కూడా దానికి ఉంటుంది. అందుకే పాత పిల్లికి ముందే ఆపరేషన్ చేయించి, ఆ వారాలు గడిచాకే కొత్తదాన్ని తెచ్చుకోవడం మేలు.

వయసు సంగతికొస్తే, పెద్ద పిల్లి ఉన్న ఇంట్లోకి చిన్న పిల్ల సులువుగా ఇముడుతుంది, పెద్దది దాన్ని పోటీగా చూడదు. అయితే ముసలి పిల్లి తోక పట్టుకుని రోజంతా లాగే కూన దానికి నరకం. ముసలిదానికి తోడు కావాలంటే నింపాదిగా ఉండే నడివయసు పిల్లిని చూడండి.

మా మిద్దె మీద పిల్లలు దొరికాయి. తల్లి కనబడటం లేదు. ఇంట్లోకి తెచ్చేయొచ్చా?

వెంటనే ఎత్తుకురావద్దు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఒక్కొక్కదాన్నే నోట కరచుకుని మారుస్తుంది కాబట్టి మిగిలినవి కాసేపు ఒంటరిగా ఉంటాయి. దూరంగా నిలబడి కొన్ని గంటలు గమనించండి. పిల్లలు పొట్ట నిండుగా, వెచ్చగా నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే.

పెంచుకోవడానికి తెచ్చుకునే పిల్లకు కనీసం 8 వారాలు నిండాలి. 12 వారాల దాకా తల్లి దగ్గర ఉంటే ఇంకా మంచిది. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పి అవుతుందో, గోళ్లు ఎప్పుడు లోపలికి తీసుకోవాలో తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర నేర్చుకుంటుంది. అవి నేర్చుకోకుండా వచ్చిన పిల్ల మీ పాత పిల్లిని ఆటలోనే గాయపరుస్తుంది, ఎదురుదెబ్బా తింటుంది.

తెచ్చిన వెంటనే డాక్టర్‌కు చూపించాలా? చూడటానికి బాగానే ఉంది కదా.

చూపించాలి. వీలైతే ఇంటికి తెచ్చే దారిలోనే. బాగానే కనబడే పిల్ల ఒంట్లో పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ ఉండొచ్చు. జ్వరం, వాంతులు, విరేచనాలు, తిండి మానేసి నీళ్ల గిన్నె ముందు తలవాల్చి పడుకోవడం దాని లక్షణాలు. టీకా లేని పిల్లల్ని ఇది రోజుల్లోనే చంపేస్తుంది. వైరస్ ఒంట్లో చేరాక సాధారణంగా వారంలోపు బయటపడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా పట్టొచ్చు. అందుకే కొత్త పిల్లిని రెండు వారాలు వేరుగా ఉంచమంటాం. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు. కాబట్టి ఆ జబ్బుతో పిల్లి పోయిన ఇంట్లోకి టీకా పూర్తికాని పిల్లను తేవద్దు. నేలను, గిన్నెలను ఒక వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలాగి శుభ్రంగా కడగాలి.

టీకాలు 8 వారాల వయసు నుంచి మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయిస్తారు. రేబిస్ టీకా 12 వారాలు దాటాక వేస్తారు. నులిపురుగుల మందు సంగతీ అప్పుడే అడగండి. పెద్ద పిల్లి అయితే లుకేమియా వైరస్‌కు, పిల్లుల్లో వచ్చే ఎయిడ్స్ లాంటి వైరస్‌కు రక్తపరీక్ష చేయించగలరేమో కనుక్కోండి. ఈ రెండోది కాట్ల ద్వారానే ఎక్కువగా అంటుకుంటుంది, గాయాలతో వచ్చిన గండుపిల్లికి ఈ అనుమానం తప్పకుండా ఉండాలి. మన జిల్లాలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. ఊళ్లో డాక్టర్‌కు అంతుపట్టని కేసైతే అక్కడ అడిగి చూడటం మంచిది.

ఇంటి వైద్యం గురించి గట్టిగా చెప్పాల్సినవి రెండున్నాయి. పారాసిటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్రతో ప్రాణం పోతుంది. జ్వరంగా ఉందని మనం వేసుకునే మాత్రలో ముక్క కూడా పెట్టొద్దు. అలాగే కుక్కల గోమార్లకు మెడ మీద వేసే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లి ఒంటికి తగిలితే వణుకు, ఫిట్స్ వస్తాయి. పిల్లుల కోసమని అట్ట మీద రాసి ఉన్న మందే వాడాలి, అది కూడా డాక్టర్ చెప్పాకే.

మాది రెండు గదుల ఇల్లు. కొత్తదానికి వేరే గది ఎక్కడి నుంచి తేవాలి?

పెద్ద గది అక్కర్లేదు, తలుపు మూయగలిగే చోటు చాలు. మెట్ల కింద గది, సామాన్ల గది, రెండు బాత్రూములుంటే వాడని బాత్రూము, ఏదైనా సరే. అదీ లేకపోతే కుక్కల కోసం అమ్మే పెద్ద ఇనుప బోను తీసుకుని, మూడు వైపులా పాత దుప్పటి కప్పి, మంచాల గదిలో మూలన పెట్టండి. అందులో దాక్కోవడానికి ఒక అట్టపెట్టె తప్పకుండా ఉండాలి. పిల్లికి ధైర్యం వచ్చేది దాక్కునే చోటుంటేనే. బయటికి లాగి ఎత్తుకుంటే అలవాటవుతుందనుకోవడం తప్పు, ఇంకా లోపలికి పోతుంది.

గది ఎంచుకునేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఫినాయిల్, కలరా ఉండలు, ఎలుకల మందు ఆ గదిలో ఉండకూడదు. ఫినాయిల్‌తో తుడిచిన నేల మీద నడిచి పిల్లి పాదాలు నాకుతుంది, అది దాని కాలేయానికి చేటు. కలరా ఉండల ఆవిరి కూడా మంచిది కాదు. రెండోది, రేకుల కప్పున్న గదిలో మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట మూసి ఉంచొద్దు.

గోనెసంచిలో కట్టి తేవడం మన దగ్గర పాత అలవాటు. ఆ భయం పిల్లికి రోజుల తరబడి దిగదు, ఎండలో ఊపిరాడక పోయే ప్రమాదం కూడా ఉంది. గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టకు మూత కట్టి తెచ్చినా చాలు.

"ముందు వాసన కలపాలి" అంటారు. అంటే ఏం చేయాలి?

మొత్తం పనిలో ఇదే అసలైన భాగం. ఇది సరిగా చేస్తే మిగతాది దానంతట అదే సాగుతుంది.

పిల్లి తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో కంటితో కంటే ముక్కుతోనే ఎక్కువగా తేల్చుకుంటుంది. దాని బుగ్గల్లో, గడ్డం కింద, పాదాల్లో, తోక మొదట్లో వాసన గ్రంథులు ఉంటాయి. అది మీ కాళ్లకు, తలుపు అంచుకు, బీరువా మూలకు ముఖం రుద్దుతున్నదంటే ఇల్లంతా తన వాసన పూసుకుంటున్నట్టు. ఒక్కోసారి ఏదో వాసన చూసి నోరు కొంచెం తెరిచి బిత్తరపోయినట్టు ఉండిపోతుంది, గమనించే ఉంటారు. నోటి పైభాగంలో వాసన పట్టే అవయవం ఇంకొకటి ఉంది, గాలిని దానిదాకా పంపుతుందన్నమాట. ఇలా తన వాసనతో నిండిన ఇంట్లోకి కొత్త వాసన ఒక్కసారిగా వస్తే దానికి అది దండయాత్రే. అదే వాసన కొంచెం కొంచెంగా, మంచి తిండితో పాటు, ఏ ప్రమాదమూ లేకుండా వస్తే కొన్నాళ్లకు ఇంటి వాసనల్లో అదీ ఒకటైపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు ఏమీ చేయొద్దు, కొత్తది గదిలో తిని, పడుకుని, దొడ్డికి ఇసుక టబ్బులోకి పోవడం మొదలుపెట్టనివ్వండి. డాక్టర్ చూసి ఒంట్లో ఏమీ లేదన్నాక ఒక పాత నూలుగుడ్డతో కొత్త పిల్లి బుగ్గలు, గడ్డం మెల్లగా తుడిచి, ఆ గుడ్డను పాతదాని ముందు కాస్త దూరంలో నేల మీద పెట్టండి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూపించొద్దు. అది వచ్చి మూచూసి, బుస్‌మని వెళ్లిపోయినా ఫరవాలేదు. పక్కన రెండు ముక్కలు ఉడికించిన చికెన్ పెట్టండి. పాతదాని గుడ్డను కొత్తదాని గదిలో కూడా ఇలాగే పెట్టాలి. బుస్‌మనడం ఆగి, గుడ్డను పట్టించుకోకుండా ముక్క తిని పోయే రోజు వస్తుంది. అప్పుడు ఇద్దరి పక్కగుడ్డలు మార్చండి.

అన్నం గిన్నెలు మూసిన తలుపుకు ఇటు ఒకటి అటు ఒకటి పెట్టండి. మొదట తలుపుకు దూరంగా. రెండూ తలెత్తకుండా తింటుంటే రోజుకు జానెడు చొప్పున దగ్గరికి జరపండి. ఎప్పుడు తినడం ఆపి తలుపు వంకే చూస్తుందో అప్పుడు వెనక్కి జరపాలి.

ఆ తర్వాత చోటు మార్చండి. పాతదాన్ని మంచాల గదిలో పెట్టి తలుపేసి, కొత్తదాన్ని ఇల్లంతా తిరగనివ్వండి. బండల మీద, అటకల మీద, గూళ్లలో అది కూడా ముఖం రుద్దుకుంటుంది. దాగే చోట్లు తెలుసుకుంటుంది, దారులు నేర్చుకుంటుంది. ఇంకోసారి కొత్తదాన్ని మంచాల గదిలో పెట్టి తలుపేస్తే, పాతది కొత్తదాని గదిలోకి పోయి చూసి రావొచ్చు. రెండూ ఎదురుపడకూడదు. ఇదంతా ఓపికగా చేస్తే ముఖాలు చూసుకునే నాటికే అవి ఒకదానికొకటి పాతకాపులై ఉంటాయి.

మరి తలుపు ఎప్పుడు తెరవాలి?

తలుపుకు ఇరువైపులా ప్రశాంతంగా తింటున్నాయి, వాసన గుడ్డను పట్టించుకోవడం లేదు, తలుపు కింద సందులోంచి పాదం పెట్టి ఆడుకుంటున్నాయి. ఈ మూడూ చూశాక తెరవండి. అప్పుడు కూడా పూర్తిగా కాదు. దోమల జాలీ తలుపుంటే అదే మంచి సాధనం. లేదంటే తలుపు రెండు వేళ్ల సందు తెరిచి, మళ్లీ తెరుచుకోకుండా అడ్డం పెట్టండి. జాలీకి ఇటూ అటూ తిండి పెట్టి, తినడం అయిపోగానే మూసేయండి. మంచిగా ఉన్నప్పుడే ముగించాలి, గొడవ వచ్చేదాకా చూడకూడదు.

జాలీ లేకుండా కలిపే మొదటి రోజు రెండింటి కడుపూ సగం నిండి ఉండాలి. ఇల్లు ప్రశాంతంగా ఉండాలి. ఒకరు పాతదానితో, ఇంకొకరు కొత్తదానితో గదికి చెరో మూలన తాడు చివర ఈకో గుడ్డపీలికో కట్టి ఆడించండి. ఐదు నిమిషాలు చాలు. రెండింటిలో దేన్నీ చేతుల్లో పట్టుకుని చూపించొద్దు. భయపడిన పిల్లికి తప్పించుకునే దారి లేకపోతే మీ ముఖమే దొరుకుతుంది.

పండగ రోజుల్లో, పెళ్లి ఇంట్లో, ఉరుసు సమయంలో ఇల్లంతా చుట్టాలున్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. దీపావళికి వారం ముందు నుంచి టపాకాయల మోత మొదలవుతుంది కాబట్టి అదీ దాటనివ్వండి.

బుస్‌మంటోంది, గుర్రుమంటోంది. ఆడుకుంటున్నాయో కొట్టుకుంటున్నాయో తెలియడం లేదు.

బుస్‌మనడం పోట్లాట కాదు, "దగ్గరికి రావొద్దు" అని చెప్పడం. ఎదుటిది ఆగితే, వెనక్కి తగ్గితే అది మంచి సంభాషణే. మీరు అరిచి కలగజేసుకోవద్దు, పాతదాన్ని తిట్టొద్దు. తిడితే కొత్త పిల్లి కనబడినప్పుడల్లా తనకు తిట్లు పడతాయని నేర్చుకుంటుంది.

ఆటలో చప్పుడు తక్కువ. ఒకసారి ఇది పైకెక్కితే ఇంకోసారి అది ఎక్కుతుంది, మధ్యలో ఆగి ఒళ్లు నాక్కుంటాయి, మళ్లీ తరుముకుంటాయి. పోట్లాటలో చెవులు వెనక్కి తలకు అంటుకుపోతాయి, తోక సీసా కడిగే బ్రష్‌లా ఉబ్బుతుంది, గొంతు సాగదీసి కేకలు వస్తాయి, ఎప్పుడూ ఒకటే తరుముతూ ఇంకోటే పారిపోతూ ఉంటుంది.

నన్నడిగితే అన్నింటికంటే ప్రమాదమైనది చప్పుడు లేని చూపు. ఒక పిల్లి గడప దగ్గర కూర్చుని, కదలకుండా, రెప్ప వేయకుండా ఇంకోదాన్నే చూస్తుంటుంది. రెండోది ఇసుక టబ్బు దాకా కూడా పోలేక బిగుసుకుపోతుంది. ఇంట్లోవాళ్లు "చూడండి, ఎంత బుద్ధిగా కూర్చున్నాయో" అనుకుంటారు. నిజానికి ఒకటి ఇంకోదానికి దారి మూసేసింది. అలా కనబడితే మధ్యలో ఒక దిండో అట్టముక్కో అడ్డం పెట్టి చూపు తెంచండి, ఆటవస్తువుతో దాన్ని అటు మళ్లించండి. ఒకదాన్ని చూసి ఇంకోటి మెల్లగా కళ్లు మూసి తెరిస్తే, వీపు తిప్పి పడుకుంటే సంతోషించాల్సిన విషయం.

నిజంగానే కలబడ్డాయి. మధ్యలో చెయ్యి పెట్టి విడదీయాలా?

చెయ్యి పెట్టొద్దు. పెద్ద అట్టముక్క, చాట, దిండు, ఏది దొరికితే అది మధ్యలోకి దించండి, లేదా ఒకదాని మీద దుప్పటి వేయండి. విడిపోయాక వేర్వేరు గదుల్లో పెట్టి ఆ రోజుకు వదిలేయండి. కోపంలో ఉన్న పిల్లిని ఓదార్చడానికి ఎత్తుకుంటే అడ్డొచ్చిన మిమ్మల్నే కరుస్తుంది. ఆ ఆవేశం గంటల తరబడి ఉంటుంది. మర్నాడు తలుపు మూసిన దశ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

పిల్లి పళ్లు సన్నగా సూదుల్లా ఉంటాయి. పైకి చిన్న రంధ్రమే కనబడుతుంది, సూక్ష్మజీవులు లోతుగా దిగుతాయి. పిల్లులకు కాటు పడిన రెండు మూడు రోజుల్లో అక్కడ చీముగడ్డ కట్టొచ్చు కాబట్టి వెంట్రుకలు పాయదీసి వెతకండి. మీకు కాటు పడినా, రక్తం వచ్చేలా గీరినా వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. కడపలో అయితే రిమ్స్‌కు, మిగతా ఊళ్లలో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి పోయి రేబిస్ టీకా గురించి అడగండి. కుక్క కరిస్తేనే రేబిస్ అనే నమ్మకం మనవాళ్లలో ఇంకా ఉంది. పిల్లి ద్వారా కూడా వస్తుంది, వచ్చిందంటే ప్రాణం దక్కదు.

కొత్తది వచ్చినప్పటి నుంచి పాత పిల్లి బండల మీద ఉచ్చ పోస్తోంది. కక్ష తీర్చుకుంటోందా?

కక్ష కాదు, టెన్షన్. తన చోటు తనకు మిగిలి ఉందో లేదో తెలియక వాసన పెడుతోంది, లేదా ఇసుక టబ్బు దగ్గరికి పోవడానికి భయపడుతోంది. కొట్టినా, ముక్కు ఉచ్చలో రుద్దినా భయం పెరిగి ఇంకా ఎక్కువ పోస్తుంది.

ముందు ఇది జబ్బా కాదా అని తేల్చుకోండి. మగపిల్లి ఇసుకలో మాటిమాటికి కూర్చుని ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తుంటే, లేదా ఏమీ రాకపోతే అది మూత్రం అడ్డుపడటం. టెన్షన్ వల్ల ఇది రావొచ్చు. రెండు రోజుల్లోపే ప్రాణం పోవచ్చు. రాత్రి అయినా సరే, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

శుభ్రం చేసే సంగతి మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కడప బండ సున్నపురాయి. వెనిగర్ పోసి కడగమనే చిట్కా చాలాచోట్ల కనబడుతుంది, దానివల్ల నల్లబండ మీద తెల్లటి మచ్చ పడుతుంది. బాత్రూము యాసిడ్ అయితే బండను తినేస్తుంది. ఉచ్చ మీద నేరుగా బ్లీచ్ పోస్తే ఘాటు ఆవిరి వస్తుంది, అది మనకూ మంచిది కాదు. ముందు గుడ్డతో అద్ది తీసేసి, ఎంజైములున్న బట్టల పౌడర్ గోరువెచ్చని నీళ్లలో కలిపి పోసి, కాసేపు నానబెట్టి, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. వాసన ఎక్కువగా మిగిలేది బండల మధ్య సందుల్లోనే, పాత బ్రష్‌తో అక్కడ రుద్దాలి.

ఇసుక టబ్బులు ఎన్ని పెట్టాలి? ఏం వేయాలి?

పిల్లికి ఒకటి చొప్పున, పైన ఇంకొకటి. రెండు పిల్లులకు మూడు. ఒకే మూలన మూడూ పెడితే పిల్లి లెక్కలో అది ఒక్కటే, వేర్వేరు చోట్ల ఉండాలి. పాత పిల్లి దేనికి అలవాటు పడిందో అదే వేయండి, ఈ హడావిడిలో దాన్ని మార్చొద్దు. జల్లించిన ఇసుకైనా, రంపపు పొట్టైనా, కొన్న పిల్లుల ఇసుక (లిట్టర్) అయినా ఫరవాలేదు. రోజూ తీసేయడం ముఖ్యం.

ఒకే పళ్లెంలో పెడితే త్వరగా కలుస్తాయా?

కలవవు. రెండూ ఒకే పళ్లెంలో తింటున్నాయంటే స్నేహమని కాదు, వేరే దారి లేక తింటున్నాయని కూడా కావొచ్చు. గిన్నెలు వేరుగా, ఒకదానికొకటి కనబడని దూరంలో పెట్టండి. నీళ్ల గిన్నెలు కూడా రెండు మూడు చోట్ల ఉండాలి.

పాలన్నం, పెరుగన్నం పిల్లికి సరిపోయే తిండి కాదు. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి. టారిన్ అనే పోషకం మాంసంలోనే దొరుకుతుంది, అది లేకపోతే కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో వండి పెట్టేవాళ్లు ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా మాంసం ఉడికించాలి, దానితోపాటు పిల్లుల తిండి కూడా కలిపి పెట్టడం మేలు. కొత్త పిల్లి మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండో రోజు కూడా ముట్టకపోతే డాక్టర్‌కు చెప్పండి, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లయితే. తిండి మానేసిన లావు పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

ఎండాకాలంలో తేవచ్చా?

తప్పకపోతేనే. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలు. కొత్త చోటు భయంతో పిల్లి నీళ్లు తక్కువ తాగుతుంది, గాలి లేని మూలకు పోయి దాక్కుంటుంది. తేవాల్సి వస్తే తెల్లవారుజామున తెండి. గదిలో బండనేల ఉంటే చాలా మంచిది, దాని మీద చాప వేయకుండా వదిలేయండి. కరెంటు పోతుందని మట్టి మూకుట్లో నీళ్లు ఉంచండి. పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతుంటే అది వడదెబ్బ కావొచ్చు. పాదాలు, కడుపు తడిగుడ్డతో తుడుస్తూ డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.

ఇంట్లో గర్భిణి ఉంది. కొత్త పిల్లి వస్తే బిడ్డకు ప్రమాదమంటున్నారు.

టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి ఆ భయం. ఎలుకనో పచ్చిమాంసాన్నో తిన్న పిల్లి జీవితంలో సాధారణంగా ఒక్కసారి, ఒకటి నుంచి మూడు వారాలు, ఆ క్రిమిని మలంలో విడుస్తుంది. విడిచిన వెంటనే అది అంటుకోదు, కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి ఇసుక టబ్బును ఇంట్లో వేరేవాళ్లు రోజూ శుభ్రం చేస్తే చాలావరకు భయం తీరినట్టే. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, ఒట్టిచేతులతో మట్టిపని, వీటివల్ల కూడా ఇది వస్తుంది. చూసుకునే డాక్టరమ్మకు పిల్లి ఉన్న సంగతి చెప్పండి. ఇంట్లో ఉన్న పిల్లిని వదిలేయాల్సిన అవసరం లేదు. ఊరూ పేరూ తెలియని కొత్త పిల్లిని మాత్రం కాన్పు అయ్యాకే తెచ్చుకోమంటాను.

వీధిపిల్లి తనంతట తానే వచ్చి చేరింది. ఇక మాదే అనుకోవచ్చా?

ముందు చుట్టుపక్కల ఇళ్లలో అడగండి, నాలుగిళ్లకూ అది వాళ్ల పిల్లే అయి ఉండొచ్చు. తిండి మిద్దె మీదో వెనక వాకిట్లోనో పెట్టండి, కిటికీ దగ్గర వద్దు. లోపలి పిల్లి అద్దంలోంచి దాన్ని చూసి కోపం పట్టలేక పక్కనున్న మనిషి మీదో ఇంకో పిల్లి మీదో పడుతుంది. బయటిదానికి ఆపరేషన్, టీకాలు, పరీక్ష అయ్యాకే లోపలికి తీసుకోండి. మొదటి నుంచీ వాసన దశతోనే. పుట్టినప్పటి నుంచి మనిషి చెయ్యి తగలని పెద్ద పిల్లిని గదిలో బంధించడం దాన్ని హింసించడమే, అది బయటే తిని హాయిగా బతకనివ్వండి.

నల్లపిల్లి అని ఇంట్లో వద్దంటున్నారు.

రంగుకు, మంచిచెడ్డలకు సంబంధం లేదు. పిల్లి మంచిదైతే తెచ్చుకోండి.

ఎన్నాళ్లు చూడాలి? కుదరకపోతే ఏం చేయాలి?

చిన్న పిల్లకైతే రెండు మూడు వారాలు, రెండూ పెద్దవైతే కొన్ని నెలలు. ఈ టైమ్ నిర్ణయించేది పాత పిల్లే, మనం కాదు. కలవడమంటే కలిసి పడుకోవడమే కానక్కర్లేదు. ఒకటి బీరువా మీద, ఇంకోటి కిటికీలో ఉంటూ జీవితాంతం మర్యాదగా పక్కపక్కన నడిచిపోయే పిల్లులు ఎన్నో ఉన్నాయి. అది కూడా కుదిరినట్టే. ఎత్తులో కూర్చునే చోట్లు పెంచండి, గోడకు కడప బండ అరలు ఉంటే పైదాన్ని ఖాళీ చేసి వాటికి వదిలేయండి, చోటు తక్కువైన ఇంట్లో అది బాగా పనిచేస్తుంది.

నెలలు గడిచినా ఒకటి దాక్కునే బతుకుతూ, బరువు తగ్గిపోతుంటే, రక్తం వచ్చేలా కొట్టుకుంటుంటే, ఒకదానికి వేరే ఇల్లు చూడటమే దయ. తెలిసినవాళ్ల ఇంటికి, అన్నీ చెప్పి ఇవ్వండి. రాత్రిపూట ఊరి బయటో, మార్కెట్ దగ్గరో వదిలేసి రావడం మాత్రం చేయొద్దు. పెంపుడు జంతువును కారణం లేకుండా అలా వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం. చట్టం మాట అటుంచితే, ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడి కుక్కల మధ్య ఎక్కువ రోజులు బతకదు.

ఏళ్లుగా కలిసి ఉన్నవే. ఒకదానికి ఆపరేషన్ చేయించి తెచ్చాక ఇంకోటి దాన్ని శత్రువులా చూస్తోంది. ఎందుకు?

ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లి ఒంటి మీద మందు వాసన, కుక్కల వాసన, పరాయి చేతుల వాసన ఉంటుంది. తన వాసన, మీ ఇంటి వాసన దాదాపు పోయి ఉంటుంది. ఇంట్లో ఉన్నదానికి అది కొత్త పిల్లి కింద లెక్క. మత్తు దిగేదాకా, కనీసం ఒక రాత్రి వేరే గదిలో ఉంచండి. రెండూ పడుకునే గుడ్డను దాని కింద పరచండి, స్నానం చేయించొద్దు. ఒళ్లు తానే నాక్కున్నాక చాలావరకు సర్దుకుంటుంది. లేకపోతే తలుపుకు ఇటూ అటూ తిండి పెట్టే దశ నుంచి మొదలుపెట్టండి, ఈసారి త్వరగానే అయిపోతుంది. టీకాల లాంటి చిన్న పనులకు రెండింటినీ ఒకేరోజు వేర్వేరు బుట్టల్లో తీసుకుపోతే ఈ తంటా చాలావరకు తప్పుతుంది.